‘మనవాళ్లు’ ఎవరు? - ఒక హాస్టల్ వంటగది చెప్పిన జవాబు

(ఉన్నత విద్య కోసం విదేశాలకు వెళ్తున్న విద్యార్థినీ విద్యార్థుల వీడ్కోలు సభలో ఒక పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)





స్కాలర్‌షిప్పుల గురించి, వీసా గురించి, బ్యాంకు పత్రాల గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. ఇలాంటి సభలు ముగిశాక తల్లులు నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది. దానికి వేదిక మీద ఎవరూ జవాబు చెప్పరు. “అమ్మా, అక్కడ మా పిల్లకు తోడెవరుంటారు?” అన్నదే ఆ ప్రశ్న. 2014 అక్టోబరులో శంషాబాద్ విమానాశ్రయంలో మా అమ్మీ కూడా నన్ను ఇదే అడిగింది. “అక్కడా మనవాళ్లు ఉంటారులే అమ్మీ” అని ధైర్యం చెప్పి లోపలికి వెళ్లిపోయాను. ‘మనవాళ్లు’ అన్న మాటకు ఆనాడు నా మనసులో ఉన్న అర్థం వేరు, ఈనాడు ఉన్న అర్థం వేరు. ఆ మార్పు ఎలా వచ్చిందో చెప్పడానికే మీ ముందు నిలబడ్డాను.

మాది నల్లగొండ జిల్లా. అబ్బా ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. నా డిగ్రీ చదువు కోసం హైదరాబాద్‌కు మారాలనుకున్నప్పుడు కళాశాలకు దగ్గరలో ఇల్లు వెతికాము. ‘టు-లెట్’ బోర్డు మీది నంబరుకు నేనే ఫోన్ చేసేదాన్ని. నా తెలుగు విని అవతలివారు ఎంతో ఆదరంగా మాట్లాడేవారు. గదులెన్ని, నీళ్లు ఎప్పుడు వస్తాయి, అడ్వాన్సు ఎంత, అన్నీ చెప్పేవారు. చివరికి పేరు అడిగేవారు. నేను పేరు చెప్పాక కాసేపు నిశ్శబ్దం. ఆ తరువాత, “అయ్యో, ఇప్పుడే ఎవరికో ఇచ్చేశారటండీ.” మరుసటి నెలలో అటుగా వెళ్తే ఆ బోర్డు అక్కడే ఉండేది. తొమ్మిది ఇళ్ల తరువాత అబ్బా వెతకడం మానేశారు. మనవాళ్లుండే బస్తీలో ఇల్లు తీసుకున్నాము. రోజూ రెండు బస్సులు మారి కళాశాలకు వెళ్లాను. మనం ఒకేచోట గుమిగూడి బతుకుతామని మనల్ని విమర్శించేవారు ఈ తొమ్మిది ఫోన్ల సంగతి కూడా తెలుసుకోవాలి. నేను మనవాళ్ల మధ్య బతికింది ఇష్టం వల్ల మాత్రమే కాదు, మూసిన తలుపుల వల్ల కూడా.

అలాంటి మనసుతో నేను బెర్లిన్ చేరాను. నాకు గది దొరికిన చోటు పేరు స్టూడెంటెన్‌డోర్ఫ్ ష్లాఖ్టెన్‌జే. నగరానికి నైరుతి దిక్కున, ఒక సరస్సుకు సమీపంలో, చెట్ల నడుమ విడివిడిగా కట్టిన చిన్న చిన్న భవనాల సముదాయం అది. ఆ మాటకు అర్థమే ‘విద్యార్థుల పల్లె’. దానికి 1957లో శంకుస్థాపన జరిగింది, 1959లో తొలి విద్యార్థులు వచ్చి చేరారు. నాజీ పాలన కూలిన తరువాత జర్మన్ యువతకు ప్రజాస్వామ్యం అలవాటు కావాలన్న ఆశయంతో, అమెరికా ఇచ్చిన ధనసహాయంతో దానిని నిర్మించారు. ప్రజాస్వామ్యాన్ని పుస్తకాలలో చదివితే చాలదని, కలిసి బతుకుతూ నేర్చుకోవాలని వారి ఆలోచన. అందుకే పడక గదులను చిన్నవిగా, ఉమ్మడి వంటగదులను విశాలంగా కట్టారు. తరువాతి కాలంలో ఆ సముదాయాన్ని కూల్చివేసే ప్రతిపాదన వచ్చినప్పుడు విద్యార్థులు, వారి మిత్రులు పోరాడి, సహకార సంఘంగా ఏర్పడి దానిని నిలుపుకున్నారు. ఈ చరిత్ర నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొదటి రోజున నాకు కనిపించింది ఒక్కటే. మా అంతస్తులో ఉన్నవారందరికీ ఒకే వంటగది. దానిని చూడగానే నాకు భయం వేసింది.

మొదటి వారాలలో అందరూ తిని వెళ్లాక, రాత్రి పదింటికి వంట చేసుకునేదాన్ని. నేను వండేది చూసి ఎవరేమంటారోనన్న బెరుకు ఒకటి. వారు వండింది నా గిన్నెకు తగులుతుందేమోనన్న జంకు మరొకటి. ఒక రాత్రి సూపు పొట్లం పట్టుకుని, దాని మీది జర్మన్ మాటలను ఫోన్‌లో వెతుకుతున్నాను. వెనుక ఎవరో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. “అమ్మా, ఇక్కడ అన్నిట్లో ఏదో ఒకటి కలుపుతున్నారే! రొట్టె కూడా తినాలంటే భయంగా ఉంది!” అచ్చమైన తెలుగు. నేను వెనక్కి తిరిగి, “నా బాధా అదేనే తల్లీ” అన్నాను.

ఆమె తల మీది స్కార్ఫ్ చూసింది, నా ముఖం చూసింది. “నీకు తెలుగు వచ్చా?” అంది. ఈ ప్రశ్నను మనలో ఎదుర్కోనివారు ఎవరున్నారు? పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివానని, కావాలంటే పద్యాలు కూడా అప్పజెప్పగలనని చెప్పాను. ఆమె సిగ్గుపడి నవ్వింది. హైదరాబాద్ అమ్మాయి, శాకాహారుల కుటుంబం. మా రెండు ఇళ్ల మధ్య దూరం పన్నెండు కిలోమీటర్లకు మించదని లెక్క తేలింది. పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా కలుసుకోని ఇద్దరం వేల కిలోమీటర్లు దాటివచ్చి ఒక పొయ్యి దగ్గర కలుసుకున్నాము.

ఆ అంతస్తులో మరొక విద్యార్థిని ఉండేది. ఇజ్రాయెల్‌లో పుట్టి పెరిగిన యూదు యువతి. ఆమె ఎవరో మొదటి వారంలోనే తెలిసింది. ఆమెతో మాట్లాడకూడదని నేను ఆనాడే నిశ్చయించుకున్నాను. 2014 వేసవిలో గాజా మీద యుద్ధం జరిగి అప్పటికి ఎన్నో నెలలు కాలేదు. శిథిలాల నడుమ పసిపిల్లల దృశ్యాలు నా కళ్ల ముందు ఉన్నాయి. ఆమె పలకరిస్తే తల తిప్పుకునేదాన్ని. ఫ్రిజ్‌లో ఆమె అర పక్కనే నా అర ఉంటే, నా సామాను మరో చోటికి మార్చుకున్నాను. ఆమె ఏ అభిప్రాయాలు గల మనిషో నేను అడగలేదు, అడగవలసిన అవసరం ఉందని కూడా నాకు తోచలేదు.

ఆరు వారాల తరువాత ఒక సాయంకాలం మేమిద్దరం తెలుగువాళ్లం కందిపప్పు లాంటిదేదో ఉన్న డబ్బా కొని తెచ్చి, మూత తీయబోతున్నాము. ఆ యువతి దాటిపోతూ ఆగి, “అది తినకండి. అందులో పంది కొవ్వు ఉంది. నేను కూడా తినను” అంది. చిన్న అక్షరాలలో ఉన్న ‘ష్మాల్ట్స్’ అన్న మాటను వేలితో చూపించింది. ఆమెకు జర్మన్ బాగా వచ్చు. ఆ రోజు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఏ మాటకు ఏ అర్థమో చెప్పింది. ఏ మిఠాయిలో జెలటిన్ ఉంటుంది, ఏ జున్నును దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో పేరబెడతారు, అన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాము. ఒకరికి హలాల్, ఒకరికి కోషెర్, ఒకరికి శాకాహారం. ముగ్గురి కారణాలు వేరు, చదవవలసిన అట్టపెట్టె మాత్రం ఒకటే. ఆ అంతస్తులో తిండి విషయంలో అంత శ్రద్ధ ఉన్నవాళ్లం మేము ముగ్గురమే!

సోదరీమణులారా, మతాన్ని పక్కన పెడితేనే స్నేహం కుదురుతుందని మనకు చాలామంది చెబుతారు. నా అనుభవం అందుకు విరుద్ధం. మమ్మల్ని ఒకచోట చేర్చింది మా మా నియమాలే. తెలుగు నేస్తం తన గిన్నెలో మాంసం తగలకూడదంది. నేను నా మాంసానికి వేరే గిన్నె కొనుక్కున్నాను. అందులో నాకు అవమానం కనిపించలేదు, ఎందుకంటే గిన్నెలు వేరైనా బల్ల ఒకటే. ‘వేరే గిన్నె’ పేరు చెప్పి తలుపే మూసేస్తే, అది అవమానం.

2015లో రమజాన్ జూన్ నెలలో వచ్చింది. బెర్లిన్‌లో ఆ రోజులలో సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నరకు గాని అస్తమించడు. పద్దెనిమిది గంటలకు మించిన ఉపవాసం. మొదటి ఇఫ్తార్‌కు నేనొక్కదాన్నే ఖర్జూరం ముందు పెట్టుకుని కూర్చున్నాను. రెండోనాడు తెలుగు నేస్తం పులిహోర కలిపి తెచ్చి ఎదురుగా కూర్చుంది. మూడోనాటి నుంచి ముగ్గురం. ఆ నెలలో చాలా రాత్రులు ఆ ఇద్దరూ నా కోసం తమ భోజనం తొమ్మిదిన్నర దాకా ఆపుకున్నారు. వద్దని చెప్పినా వినలేదు.

ఒకనాడు ఎదురుచూస్తూ ఇళ్ల గురించి మాట్లాడుకుంటున్నాము. నేను నా తొమ్మిది ఫోన్ల కథ చెప్పాను. నవ్వుతూనే చెప్పాను. తెలుగు నేస్తం నవ్వలేదు. చాలాసేపు బల్ల వైపే చూసి, “మా ఇంటి పై వాటా అద్దెకు ఇస్తాం. నాన్న ఆఫీసులో ఉన్నప్పుడు ఫోన్ నేనే ఎత్తేదాన్ని. పేరు వినగానే ‘ఇచ్చేశారండీ’ అని చెప్పమని నాన్న నేర్పాడు. చాలామందికి చెప్పాను. ఒక్కసారి కూడా తప్పనిపించలేదు” అంది.

అవతలి నిశ్శబ్దం ఎవరిదో నాకు ఆనాడు తెలిసింది. నేను ఎదురుచూసింది ఒక కఠినమైన ముఖం కోసం. కనిపించింది నాతో పాటు తొమ్మిదిన్నర దాకా ఆకలితో కూర్చున్న ముఖం. నాకు మాట రాలేదు. మగ్రిబ్ వేళ కాగానే ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, నా గదికి వెళ్లిపోయాను. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

మూడోనాడు ఇజ్రాయెల్ యువతి సంగతేమిటని అడిగింది. మా మాటలు తెలుగులో సాగినందున ఆమెకు అర్థం కాలేదు. నేను జరిగినదంతా చెప్పి, “పేరు విని తలుపు వేసేవాళ్లను ఎలా క్షమించాలి?” అన్నాను. ఆమె కోపం లేకుండానే, “నువ్వు నాతో ఆరు వారాలు మాట్లాడలేదు. గుర్తుందా?” అంది.

నా దగ్గర జవాబు లేదు. రెండూ సమానమైన తప్పులని నేను అనను. ఇల్లు దొరకకపోవడం, పలకరింపు దొరకకపోవడం ఒకటి కావు. అయినా మనిషిని చూడకముందే తీర్పు చెప్పే అలవాటు నాలోనూ ఉందని ఒప్పుకోవలసి వచ్చింది. ఆ రాత్రి వెళ్లి తెలుగు నేస్తం తలుపు తట్టాను. “ఇంకెప్పుడూ అలా చెప్పను” అంది. “నాకు కాదే, మీ నాన్నకు చెప్పు” అన్నాను.

పలస్తీనా విషయంలో నా అభిప్రాయాన్ని నేను దాచలేదు, మార్చుకోలేదు. యూదు మిత్రురాలు కొన్నింటిని ఒప్పుకుంది, కొన్నింటిపై గట్టిగా వాదించింది. ఒకసారి వాదన ముదిరి, భోజనం మధ్యలో లేచి వెళ్లిపోయింది. మర్నాడు వచ్చి టీ పెట్టింది. స్నేహమంటే అన్నిటిలోనూ ఏకాభిప్రాయమని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి.

ఆమె ద్వారానే నాకు మన చరిత్రలోని ఒక విషయం తెలిసింది. ఆమె అమ్మమ్మ బెర్లిన్‌లో పుట్టి, నాజీల కాలంలో చిన్నపిల్లగా ఉన్నప్పుడే దేశం విడిచింది. ఆ మాటల మధ్య, “బెర్లిన్ యూదు మహిళ ఒకామె ఢిల్లీలోని మీ ముస్లిం విశ్వవిద్యాలయం శ్మశానంలో ఉంది, తెలుసా?” అని అడిగింది. నాకు తెలియదు. తరువాత చదివి తెలుసుకున్నాను.

డాక్టర్ జాకిర్ హుస్సేన్ మన హైదరాబాద్‌లో 1897లో పుట్టారు. 1920లో స్థాపితమైన జామియా మిల్లియా ఇస్లామియాకు తొలినుంచీ తోడున్న యువకులలో ఆయన ఒకరు. 1922లో ఉన్నత విద్యకు బెర్లిన్ వెళ్లారు. అక్కడ ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్‌లతో ఆయనకు స్నేహం బలపడింది. 1926లో ముగ్గురూ తిరిగివచ్చి, మూతపడే స్థితిలో ఉన్న జామియాను భుజాన వేసుకున్నారు. నెలకు 150 రూపాయలకు మించని జీతంతో 20 ఏళ్లు సేవ చేస్తామని అక్కడి అధ్యాపకులు ప్రతిన బూనారు. బెర్లిన్‌లో ఈ ముగ్గురికి పరిచయమైన మరొకరు గెర్డా ఫిలిప్స్‌బోర్న్. సంపన్న యూదు కుటుంబపు యువతి, పసిపిల్లల విద్యలో ఆసక్తి గల మనిషి. వారి మాటలలో జామియా గురించి విని, చివరకు జర్మనీ విడిచి ఢిల్లీ చేరి, జామియా చిన్నారుల మధ్య తన శేష జీవితం గడిపారు. పిల్లలూ పెద్దలూ ఆమెను ‘ఆపా జాన్’ అని పిలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మన్ జాతీయురాలన్న కారణంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను నిర్బంధించింది. యూదురాలన్న పేరుతో జర్మనీలో చోటు లేకుండా చేశారు, జర్మన్ అన్న పేరుతో ఇక్కడ బంధించారు. విడుదలయ్యాక మళ్లీ జామియాకే వచ్చి, 1943లో కన్నుమూశారు. జామియా నేలలోనే ఆమె సమాధి ఉంది.

జాకిర్ సాహెబ్ 1967లో భారత రాష్ట్రపతి అయ్యారు. ఆయన ఫోటో మా బడి గోడ మీద ఉండేది. ఆపా జాన్ పేరు మాత్రం నేను ఆ వంటగదిలోనే మొదటిసారి విన్నాను. నేను ఆరు వారాలు తల తిప్పుకున్న మనిషి నోట విన్నాను.

ప్రయాణం కట్టిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా అనుభవం నుంచి కొన్ని మాటలు. వీలుంటే ఉమ్మడి వంటగది ఉన్న హాస్టల్‌నే ఎంచుకోండి. అద్దె తక్కువ, మనుషులు ఎక్కువ. మీ పేరును పలకడం కష్టమని ఎవరైనా కుదించబోతే ఓపికగా పూర్తి పేరు నేర్పండి. నమాజు, ఉపవాసం, తిండి నియమాల గురించి మొదటి వారంలోనే స్పష్టంగా చెప్పండి. దాచుకుంటే రోజూ సాకులు వెతకాలి, చెబితే ఒక్కరోజుతో పోతుంది. అక్కడి మస్జిద్‌తో, మన విద్యార్థులతో సంబంధం పెట్టుకోండి. శుక్రవారం నాకు అదెంతో బలం. కాని అక్కడే ఆగిపోకండి. అందరూ స్నేహితులవుతారని మాత్రం ఆశించవద్దు. రైలులో నా స్కార్ఫ్ చూసి దూషించినవారూ ఉన్నారు. మా అంతస్తులోనే చివరిదాకా పలకరించనివారూ ఉన్నారు. మనుషులు తెగలుగా, జాతులుగా ఉన్నది ఒకరినొకరు తెలుసుకోవడానికేనని సూరా హుజురాత్ మనకు బోధిస్తుంది. తెలుసుకునే ప్రయత్నం మన వంతు. ఫలితం మన చేతిలో లేదు.

పెద్దలకు కూడా ఒక మాట విన్నవించుకోవాలి. ఈ కథ విని, ‘స్నేహాలు పెరిగితే వివక్ష పోతుంది’ అని ఇంటికి వెళ్లిపోకండి. నా తెలుగు నేస్తం మాట నిలబెట్టుకుంది. ఆ అబద్ధం ఇక చెప్పనని తండ్రికి ముఖం మీదే చెప్పింది. ఆయన మాత్రం మారలేదు. ఆ పై వాటాలోకి ఈనాటికీ మనవాళ్లెవరూ రాలేదు. ఒక స్నేహం ఒక మనిషిని మార్చవచ్చు. నగరంలో ఇల్లు వెతికే వేలాది కుటుంబాలు ఒక్కొక్క యజమానితో స్నేహం కుదిరేదాకా వేచి ఉండలేవు. ముస్లిమేతర ప్రాంతాలలో ఇళ్లు కొనడానికి, అద్దెకు తీసుకోవడానికి ముస్లిములు ఇబ్బంది పడుతున్నారని 2006లోనే సచార్ కమిటీ నివేదిక పేర్కొంది. అదే 2006లో జర్మనీ సమాన ఆదరణ చట్టం చేసి, అద్దె ఇళ్ల విషయంలో కూడా మతం, జాతి ఆధారిత వివక్షను, కొన్ని మినహాయింపులతో, దాని పరిధిలోకి తెచ్చింది. చట్టం ఉన్నంత మాత్రాన అక్కడ వివక్ష లేదని కాదు. ఫిర్యాదు చేయడానికి ఒక గుమ్మం ఉంది. మనకూ అలాంటి గుమ్మం కావాలని అడగడం మన హక్కు. స్నేహం హక్కుకు బదులు కాదు, హక్కు స్నేహానికి అడ్డూ కాదు.

మన వంతు పని కూడా ఒకటుంది. మన సంస్థలు నడిపే హాస్టళ్లు ఉన్నాయి, మన ఇళ్లకూ పై వాటాలున్నాయి. వేరే మతపు పేద విద్యార్థి, వేరే కులపు విద్యార్థి వచ్చి తలుపు తడితే మనం ముందుగా ఏమడుగుతున్నాము? పేరా, అవసరమా? మనకు మూసిన తలుపుల నొప్పి తెలుసు గనుక, ముందుగా తెరవవలసిన బాధ్యత మన మీదనే ఎక్కువ ఉంది.

ఢిల్లీలోని జామియాలో ఆడపిల్లల హాస్టల్ ఒకదానికి గెర్డా ఫిలిప్స్‌బోర్న్ పేరు పెట్టారు. వందేళ్ల కిందట పరాయి దేశంలో ముగ్గురు ముస్లిం విద్యార్థులకు కుదిరిన ఒక స్నేహం కింద ఈనాడు మన ఆడబిడ్డలు నిశ్చింతగా నిద్రపోతున్నారు.

తల్లులారా, మీ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను. అక్కడ మీ పిల్లకు తోడెవరుంటారో నేను చెప్పలేను. మీ పిల్లకు కూడా ముందుగా తెలియదు. నేను తిరిగివచ్చే రోజున ఆ ఇద్దరూ నా పెట్టెలు మోసుకుంటూ విమానాశ్రయానికి వచ్చారు. అక్కడి నుంచే అమ్మీకి ఫోన్ చేశాను. “ఒక్కదానివే వెళ్లావా ఎయిర్‌పోర్టుకు?” అని ఆమె కంగారుపడింది. “లేదు అమ్మీ, మనవాళ్లు వచ్చారు” అన్నాను.

మీ ప్రయాణాలను అల్లాహ్ శుభప్రదం చేయుగాక. ఆమీన్.